నిద్రపోని కార్డు: లైనక్స్ లాప్‌టాప్‌లో హైబ్రిడ్ గ్రాఫిక్స్‌తో నా అనుభవం

ఆషాఢంలో నాకు పెద్దగా పని ఉండదు. తెనాలిలో బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రాంలో ఇళ్లకు ఎలివేషన్ డిజైన్లు చేస్తాను. శంకుస్థాపన ముహూర్తాలు లేని నెలలో ఎలివేషన్ కావాలంటూ వచ్చేవాళ్లు తక్కువ. శ్రావణం అడుగు పెట్టిందంటే మళ్లీ అన్నం తినే తీరిక ఉండదు. కిందటి ఏడాది ఆ ఖాళీ చూసుకునే, తమ్ముడిచ్చిన లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను. రెండు రోజుల్లో అయిపోతుందనుకున్న పని 11 రోజులు తినేసింది.

లాప్‌టాప్ పాతదే గాని గట్టిది. ఇంటెల్ తొమ్మిదో తరం ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎన్‌విడియా జీటీఎక్స్ 1650 కార్డు. తమ్ముడు హైదరాబాద్‌లో కొత్తది కొనుక్కుని, "అన్నయ్యా, ఇందులో గేమ్స్ ఆడి ఆడి విసుగొచ్చింది, నీ బ్లెండర్‌కి పనికొస్తుంది తీసుకో" అన్నాడు. విండోస్ అలాగే ఉంచి, పక్కన డెబియన్ 12 అనే లైనక్స్ వేశాను. విండోస్ ఎందుకు ఉంచానంటే ఆటోక్యాడ్ కోసం. ఇంజనీర్లు పంపే ప్లాన్లన్నీ అందులోనే వస్తాయి. ఈ ఉంచడమే తర్వాత ఒక మలుపు తిప్పింది.

రెండు కార్డుల సంగతి తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. ఇలాంటి లాప్‌టాప్‌లో ప్రాసెసర్‌లోనే కలిసివున్న ఇంటెల్ గ్రాఫిక్స్ ఒకటి, విడిగా ఎన్‌విడియా చిప్ ఒకటి ఉంటాయి. మా అమ్మమ్మగారి ఊళ్లో పెరట్లో చేతిపంపు, పొలంలో బోరు మోటారు ఉన్నట్టన్నమాట. బిందె నిండడానికి చేతిపంపు చాలు. చేను తడవాలంటే మోటారు వేయాలి. బిందెడు నీళ్లకు మోటారు వేసేవాణ్ని వెర్రివాడంటారు. వేసి ఆపడం మరిచిపోయేవాణ్ని అంతకంటే పెద్ద మాటే అంటారు. మామూలు పనికి ఇంటెల్, బరువైన పని పడినప్పుడే ఎన్‌విడియా, ఆ పని అయ్యాక దాని కరెంటు పూర్తిగా ఆగిపోవడం. మనకు కావలసింది ఇంతే. చిక్కల్లా ఏమిటంటే, నా లాప్‌టాప్‌లాంటి వాటిలో తెరకు వెళ్లే వైరు ఇంటెల్‌కే ఉంటుంది. బొమ్మ ఎన్‌విడియా గీసినా, దాన్ని ఇంటెల్ దగ్గరికి కాపీ చేస్తే తప్ప మన కంటికి కనపడదు. గీసేది ఒకరు, చూపించేది ఇంకొకరు. వీళ్లిద్దరికీ మాట కుదర్చడం లైనక్స్‌లో ఏళ్ల తరబడి నడిచిన పంచాయితీ.

2010లో ఎన్‌విడియా ఈ పద్ధతికి ఆప్టిమస్ అని పేరు పెట్టి తెచ్చింది. విండోస్‌లో నడిచింది. లైనక్స్‌లో మాత్రం కుర్రాళ్లే పూనుకుని 2011లో బంబుల్‌బీ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఒకసారి, సిస్టం ప్రోగ్రాములుండే యూఎస్ఆర్ అన్న ఫోల్డర్ పేరు తర్వాత ఒక్క ఖాళీ ఎక్కువ పడింది. ఆ ఒక్క ఖాళీతో వేసుకున్నవాళ్ల మెషిన్లలో ఆ ఫోల్డర్ మొత్తం చెరిగిపోయింది. ఇప్పటికీ నేను రూట్ యూజర్‌గా ఏ చెరిపే కమాండైనా కొట్టేముందు ఆ కథ గుర్తు చేసుకుంటాను. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా వైపు తిరిగి ఎన్‌విడియాకు మధ్యవేలు చూపించిన సంఘటన లైనక్స్ వాడేవాళ్లందరికీ తెలుసు. ఆ రోజు సభలోంచి వచ్చిన ప్రశ్న కూడా ఈ ఆప్టిమస్ గురించే. మొత్తానికి 2019లో వచ్చిన 435 డ్రైవర్‌తో (డ్రైవర్ అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్), ఏ ప్రోగ్రాంను ఏ కార్డు మీద నడపాలో మనమే చెప్పే వీలు ఎన్‌విడియా డ్రైవర్‌లోకే వచ్చింది. దాన్నే ప్రైమ్ రెండర్ ఆఫ్‌లోడ్ అంటారు. అంటే నేను కూర్చునే వేళకు దారి వేసే ఉంది. నడవడమే నాకు చేతకాలేదు.

డెబియన్ వేసిన మొదటి రోజు అంతా బాగానే కనిపించింది. మెషిన్‌లో ఏమేం ఉన్నాయో చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ కొడితే రెండు కార్డులూ కనిపించాయి. ఎన్‌విడియా చిప్‌ను నువో అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ పట్టుకుని ఉంది. బ్యాటరీ కూడా బాగా వస్తోంది. కాని బ్లెండర్ తెరిచి సెట్టింగ్స్‌లో చూస్తే, ఎన్‌విడియా కార్డుతో లెక్కలు చేయించే 'కూడా' (CUDA) కింద కార్డే లేదు. రెండంతస్తుల ఇంటి ఎలివేషన్ ఒకటి సైకిల్స్ అనే బ్లెండర్ ఇంజన్‌లో రెండర్ పెడితే, అంటే మోడల్‌ను ఫోటోలాంటి బొమ్మగా మార్చమంటే, ప్రాసెసర్ ఒక్కటే మోసి మోసి 38 నిమిషాలు తీసుకుంది. దీనికోసమా ఇంత బరువు లాప్‌టాప్ అనిపించింది.

ఎన్‌విడియా సొంత డ్రైవర్ డెబియన్‌లో, ఓపెన్ సోర్స్ కానివాటిని ఉంచే నాన్-ఫ్రీ విభాగంలో ఉంటుంది. సోర్సెస్ ఫైలులో ఆ మాట చేర్చి, అప్‌డేట్ చేసి, ఎన్‌విడియా-డ్రైవర్ ప్యాకేజీ వేశాను. అది కెర్నల్‌కు, అంటే లైనక్స్ గుండెకాయకు, తగ్గట్టు మాడ్యూల్ అనే డ్రైవర్ ముక్కను అక్కడికక్కడే తయారు చేసుకుంది. రీబూట్ చేశాను. తెర వచ్చింది గాని ఎన్‌విడియా జాడ లేదు. మాడ్యూల్‌ను చేత్తో లోడ్ చేయబోతే ఒక్క లైను వచ్చింది: "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్". ఏ కీ, ఏ సర్వీసు? గంటన్నర వెతికాక అర్థమైంది, అది బూట్ అయ్యేటప్పుడు కాపలా కాసే సెక్యూర్ బూట్ మాట. సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ గడప దాటనివ్వదు.

బయాస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపేస్తే నిమిషంలో అయిపోతుంది. చాలామంది అదే చేస్తారు. కాని నా విండోస్ భాగానికి బిట్‌లాకర్ అనే డిస్క్ తాళం ఉంది. సెక్యూర్ బూట్ మారిస్తే అది రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ తమ్ముడి అకౌంటులో ఉంది. తమ్ముడికి ఫోన్ చేస్తే "ఏ అకౌంటో గుర్తులేదు అన్నయ్యా, చూసి చెబుతా" అన్నాడు. వాడి 'చూసి చెబుతా'కు ఎన్ని నెలలో నాకు తెలుసు కాబట్టి, సంతకం దారిలోనే వెళ్దామనుకున్నాను.

ఆ దారి నిజానికి కష్టమేం కాదు. మాడ్యూల్ తయారు చేసే డీకేఎంఎస్ తనకంటూ ఒక కీ చేసుకుని దానితోనే సంతకం పెట్టి ఉంచుతుంది. ఆ కీని మన మెషిన్ నమ్మేలా చేయాలి. మోక్‌యుటిల్ అనే టూల్‌కు ఆ ఫైలు చూపిస్తే ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. రీబూట్ చేశాక, సిస్టం లేచేముందు ఒక నీలం తెర వస్తుంది. అందులో ఎన్‌రోల్ అని నొక్కి, ఇందాకటి పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర పది సెకన్లే ఉంటుంది. ఏ మీటా నొక్కకపోతే వెళ్లిపోతుంది, మనం పెట్టుకున్న అర్జీ కూడా దానితోనే పోతుంది. ఇది నాకు తెలియదు. రీబూట్ కొట్టి టీ తెచ్చుకోవడానికి లేచాను. వచ్చేసరికి లాగిన్ తెర ఉంది, ఎన్‌విడియా లేదు. మళ్లీ రీబూట్ చేసి కళ్లప్పగించి చూశాను. నీలం లేదు, ఎరుపూ లేదు. మూడోసారి కూడా అంతే. అప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి, "ఏవండీ, ఇందాక మీరు లేచినప్పుడు ఏదో నీలం రంగు వచ్చి పోయింది, అది మామూలేనా?" అంది.

మళ్లీ మోక్‌యుటిల్, మళ్లీ పాస్‌వర్డ్, మళ్లీ రీబూట్. ఈసారి కుర్చీలోంచి కదల్లేదు. కార్డు సంగతులు చెప్పే ఎన్‌విడియా-ఎస్ఎంఐ కమాండ్ కొడితే టేబుల్ గీసినట్టు కార్డు పేరు, వేడి, మెమరీ అన్నీ వచ్చాయి. అదే ఎలివేషన్ మళ్లీ రెండర్ పెట్టాను. 6 నిమిషాలు. ఆ పూట టీ రెండుసార్లు తాగాను.

ఆనందం సాయంత్రం దాకానే. ఫైనల్ రెండర్ పరుగులు పెడుతోంది గాని, బ్లెండర్‌లో మోడల్‌ను మౌస్‌తో తిప్పుతుంటే మాత్రం ఎడ్లబండి. కార్డు పనిచేస్తున్నప్పుడు ఇదేంటి? విషయం ఏమిటంటే, ఈ రెండూ వేరు వేరు పనులు. సైకిల్స్ లెక్కలు 'కూడా' (CUDA) ద్వారా నేరుగా ఎన్‌విడియాకు వెళ్తాయి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాని మనం తిప్పి చూసే కిటికీని గీసేది ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ పద్ధతి, అది మామూలుగా ఇంటెల్ మీదే నడుస్తుంది. దాన్ని కూడా ఎన్‌విడియా మీదికి పంపాలంటే ప్రోగ్రాం మొదలుపెట్టేటప్పుడే రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఇవ్వాలి. ఒకటి ఎన్‌వీ ప్రైమ్ రెండర్ ఆఫ్‌లోడ్ అన్నది, దానికి 1 ఇవ్వాలి. రెండోది జీఎల్ఎక్స్ వెండర్ లైబ్రరీ నేమ్, దానికి ఎన్‌విడియా అని ఇవ్వాలి. రెండింటి పేర్లకూ ముందు రెండేసి అండర్‌స్కోర్లు ఉంటాయి. తెర మీద ఆ రెండూ అతుక్కుని ఒక్క గీతలా కనిపిస్తాయి. నేను ఒకటే కొట్టాను. తప్పు అని ఎవరూ చెప్పరు, ఎర్రర్ రాదు, ఊరికే ఇంటెల్ మీద నడిచిపోతుంది. జీఎల్ఎక్స్‌ఇన్ఫో అనే కమాండ్‌లో రెండరర్ పేరు, అంటే గీస్తున్న కార్డు పేరు చూసుకుంటూ, అక్షరం అక్షరం పోల్చుకుంటే గాని దొరకలేదు.

దొరికాక, ఆ రెండు మాటలూ ప్రతిసారీ టైపు చేసే ఓపిక లేక రెండు లైన్ల స్క్రిప్టు రాసి పెట్టుకున్నాను. దాని పేరు మోటారు. టెర్మినల్‌లో 'మోటారు బ్లెండర్' అని కొడితే ఎన్‌విడియా మీద తెరుచుకుంటుంది, ఉత్తి 'బ్లెండర్' అంటే ఇంటెల్ మీద. ఇళ్ల మోడల్ నూనె రాసినట్టు తిరగడం మొదలైంది.

అక్కడితో ఆగి ఉంటే నాలుగో రోజుకే అయిపోయేది. కాని అప్పటికి ఫ్యాన్ ఆగడం లేదని గమనించాను. ఏమీ తెరవకుండా ఊరికే పెట్టినా గుయ్ మంటూనే ఉంది. బ్యాటరీ మీద, కరెంటు ఖర్చు కొలిచే పవర్‌టాప్ పెట్టి చూస్తే ఖాళీగా ఉన్నప్పుడే 17 వాట్లు పోతున్నాయి. డ్రైవర్ వేయకముందు, అదే మెషిన్, అదే బ్యాటరీ, 8 వాట్ల దగ్గర ఉండేది. నా బ్యాటరీ అరిగిపోయి 40 వాట్-అవర్లకు దిగింది. అంటే ఐదు గంటలు వచ్చేది రెండు గంటల ఇరవై నిమిషాలకు పడిపోయింది. సైటు దగ్గర ప్లగ్గు ఉండదు. ఇసుక కుప్ప పక్కన నిలబడి ఓనరుగారికి మోడల్ తిప్పి చూపించాలి. ఇది నాకు చిన్న విషయం కాదు.

నువో ఉన్నన్నాళ్లూ పనిలేని కార్డును చక్కగా పడుకోబెట్టేది. సొంత డ్రైవర్ వేశాక కార్డు పనిచేయడం నేర్చుకుంది, పడుకోవడం మరిచిపోయింది. కార్డు లేచి ఉందో పడుకుందో సిస్ ఫోల్డర్‌లో, దాని పీసీఐ నంబరు కింద, రన్‌టైమ్ స్టేటస్ అనే చిన్న ఫైలులో ఉంటుంది. సస్పెండెడ్ అని ఉంటే పడుకున్నట్టు. నాకెప్పుడు చూసినా యాక్టివే.

డ్రైవర్‌తో వచ్చే రీడ్‌మీలో దీనికి సమాధానం ఉంది. ఆర్‌టీడీ3 అనే సౌకర్యంతో కార్డు పూర్తిగా కరెంటు ఆపుకుని నిద్రపోగలదు. ఎన్‌విడియా కార్డుల్లో ట్యూరింగ్ అనే తరం నుంచి ఆ సత్తా ఉంది. నా 1650 ట్యూరింగే. కాకపోతే దాని తర్వాతి ఆంపియర్ తరం నుంచి అయితే అది దానంతటదే ఆన్ అవుతుంది, ట్యూరింగ్‌కు మనం చేత్తో అడగాలి. డైనమిక్ పవర్ మేనేజ్‌మెంట్ అనే ఆప్షన్‌కు 2 అని ఇవ్వాలి. మాడ్యూళ్ల సెట్టింగులుండే మోడ్‌ప్రోబ్ ఫోల్డర్‌లో ఫైలు తెరిచి, 'ఆప్షన్స్ ఎన్‌విడియా' అని మొదలుపెట్టి లైను రాశాను, బూట్ మొదట్లో వాడుకునే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అన్న ఫైలును అప్‌డేట్ చేశాను, రీబూట్ చేశాను. యాక్టివ్.

ప్రాక్ ఫోల్డర్‌లో డ్రైవర్ ఇప్పుడు ఏ విలువలతో నడుస్తోందో చూపించే ఫైలు ఉంది. అందులో ఆ ఆప్షన్‌కు మామూలుగా ఉండే 3 ఇంకా అలాగే ఉంది. నా లైను దాని చెవిన పడలేదన్నమాట. ఫైలు పేరు మార్చాను, ఫైలు చివర ఖాళీ లైను పెట్టాను, తీసేశాను. రెండు సాయంత్రాలు ఇలాగే పోయాయి. మూడోనాడు డెబియన్ ప్యాకేజీతో వచ్చిన ఆప్షన్స్ ఫైలు ఒకటి అదే ఫోల్డర్‌లో కనిపించింది. అందులో కామెంటుగా పెట్టిన నమూనా లైనులో 'ఆప్షన్స్ ఎన్‌విడియా' అని లేదు, 'ఆప్షన్స్ ఎన్‌విడియా-కరెంట్' అని ఉంది. డెబియన్‌లో ఈ మాడ్యూల్ అసలు పేరే అది. నేనేమో ఊళ్లో లేని మనిషికి ఉత్తరం రాస్తున్నాను. పోస్టు చేసిన ఉత్తరం వెనక్కి కూడా రాలేదు. పక్కనే ఉన్న ఫైలును మూడు రోజులు తెరవకపోవడం నా తెలివి.

పేరు దిద్దగానే 3 కాస్తా 2 అయింది. కార్డు పవర్ ఫైలులో 'ఎనేబుల్డ్, ఫైన్-గ్రెయిన్డ్' అని కూడా వచ్చింది. రన్‌టైమ్ స్టేటస్ చూశాను. యాక్టివ్.

ఇంకా మిగిలింది యూదేవ్ నియమం, అంటే పరికరం కనబడగానే ఏం చేయాలో సిస్టంకు చెప్పే లైను. కార్డుకు పడుకునే సత్తా డ్రైవర్ ఇచ్చినా, పడుకోవచ్చు అన్న అనుమతి కెర్నల్ వైపు నుంచి కూడా ఉండాలి. పవర్ కంట్రోల్ అన్న ఫైలులో 'ఆన్' ఉంటే ఎప్పుడూ మేలుకునే ఉండమని, 'ఆటో' ఉంటే వీలైనప్పుడు పడుకోమని. బూట్ అయినప్పుడల్లా దాన్ని ఆటో చేసేలా నియమం రాశాను. అయితే ఎన్‌విడియా చిప్‌లో గీసే భాగం ఒక్కటే కాదు, హెచ్‌డీఎంఐ గుండా శబ్దం పంపే ఆడియో భాగం కూడా ఉంటుంది. పీసీఐ నంబరులో చివరి అంకె గీసేదానికి 0, ఆడియోకు 1. ఇద్దరూ పడుకుంటేనే చిప్ కరెంటు ఆగుతుంది. ఒకే మంచం మీద ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టినట్టే, ఒకడు మేలుకుంటే రెండోవాడి నిద్రా గోవిందా. ఆడియోకూ అదే నియమం రాశాను. రీబూట్. యాక్టివ్!

ఇక్కడ నిజంగానే లాప్‌టాప్ మూసేసి రెండు రోజులు ముట్టుకోలేదు.

మళ్లీ కూర్చున్నప్పుడు ఊరికే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి, అక్షరాలు మాత్రమే ఉండే నల్ల తెరలోకి వెళ్లాను. డెస్క్‌టాప్‌లోంచి లాగవుట్ అయి ఉన్నాను. అక్కడ స్టేటస్ చూస్తే, సస్పెండెడ్. మొదటిసారి ఆ మాట చూడటం. డెస్క్‌టాప్‌లోకి లాగిన్ అయి చూస్తే యాక్టివ్. అంటే లేపుతున్నది నా డెస్క్‌టాప్‌లోనే ఎవరో ఉన్నారు. ఎన్‌విడియా-ఎస్ఎంఐ జాబితాలో, డెస్క్‌టాప్‌ను తెర మీద చూపించే ఎక్స్‌ఆర్గ్ అని 4 ఎంబీ కనిపిస్తే దొంగ వాడే అనుకున్నాను. కాదు, అది ఉన్నా కార్డు పడుకుంటుంది. లాగిన్‌తో పాటు మొదలయ్యేవన్నీ ఒక్కొక్కటిగా ఆపుతూ వచ్చాను. చివరికి మిగిలింది కాంకీ.

కాంకీ అంటే తెర మూలన ప్రాసెసర్ వేడి, ర్యామ్, టైము చూపించే చిన్న పట్టీ. డ్రైవర్ వేసిన రోజు ఉత్సాహంలో నేనే అందులో ఒక లైను చేర్చాను, ఎన్‌విడియా కార్డు వేడి ఎంతుందో చూపించమని. అది ప్రతి ఐదు సెకన్లకూ ఎన్‌విడియా-ఎస్ఎంఐ నడిపి అడుగుతోంది. ఎన్‌విడియా-ఎస్ఎంఐ అడిగితే కార్డు లేచి సమాధానం చెప్పాలి. మా నాన్నమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే పక్కింటావిడ వచ్చి భుజం తట్టి "పడుకున్నావా వదినా?" అని అడిగేది. ఐదు సెకన్లకోసారి నేను చేస్తున్నది అదే. నేను స్టేటస్ చూసుకుంటూ పక్క టెర్మినల్‌లో ఎన్‌విడియా-ఎస్ఎంఐ కొట్టిన ప్రతిసారీ కూడా అదే. ఎల్ఎస్‌పీసీఐ కొట్టినా లేస్తుందని తర్వాత తెలిసింది. ఒక్క రన్‌టైమ్ స్టేటస్ ఫైలు చదివితేనే లేవదు.

ఆ లైను తీసేసి, దాని బదులు స్టేటస్ ఫైలు చదివి 'పడుకుంది' లేదా 'లేచింది' అని చూపించేలా రాశాను. తెలుగు గుణింతాలు ఆ పట్టీలో సరిగా కూర్చోలేదు, ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకున్నాను. పదిహేను సెకన్లు ఆగాక ఫ్యాన్ చప్పుడు మెల్లగా దిగి, ఆగిపోయింది. పవర్‌టాప్‌లో 8.2 వాట్లు. పక్క గదిలో గోడగడియారం చప్పుడు వినిపించింది.

హెచ్‌డీఎంఐ సంగతి కూడా చెప్పాలి. నా లాప్‌టాప్‌లో తెర ఇంటెల్‌కు ఉన్నా, హెచ్‌డీఎంఐ పోర్టు మాత్రం ఎన్‌విడియాకే కలిపి ఉంది. ఓనరుగారి ఇంట్లో టీవీకి పెట్టి చూపించాలంటే కార్డు లేవాల్సిందే, కేబుల్ ఉన్నంతసేపూ పడుకోదు. మొదట టీవీలో ఏమీ రాలేదు. బూట్ చేసే గ్రబ్‌లో ఎన్‌విడియా డీఆర్ఎం మోడ్‌సెట్ అన్న ఆప్షన్‌ను 1 చేశాక వచ్చింది. పోర్టు ఏ కార్డుకు కలిపి ఉందో మార్చే దారి మాత్రం లేదు, అది బోర్డు మీద వేసిన గీత. కాబట్టి టీవీ ఉన్న ఇంటికి చార్జర్ తీసుకెళ్తాను, టీవీ లేని సైటుకు తీసుకెళ్లను. ఇలాంటి లాప్‌టాప్ కొనేవాళ్లు ఏ పోర్టు ఏ కార్డుకు కలిపి ఉందో ముందే అడిగి తెలుసుకుంటే మంచిది. అయితే కొట్లో అడిగితే చెప్పేవాళ్లు నాకింతవరకూ తగల్లేదు.

శ్రావణంలో మొదటి పని చినరావూరులో. స్లాబ్ వేయడానికి ముందు ఓనరుగారి అబ్బాయి బాల్కనీ గోడ బదులు గ్లాసు రెయిలింగ్ కావాలన్నాడు, ఓనరుగారు వద్దన్నారు. వాళ్ల వాదన గంటన్నర నడిచింది. అంతసేపూ మోటారు వేసే ఉంచి, రెండు రకాలూ తిప్పి తిప్పి చూపించాను. గ్లాసుకు ఒప్పుకోని మేస్త్రి ఇటుక గోడే కట్టాడు. ఇంటికొచ్చేసరికి బ్యాటరీ 34 శాతం ఉంది.

పోయిన వారం డెబియన్ కొత్త కెర్నల్ అప్‌డేట్ ఇచ్చింది. మాడ్యూల్ మళ్లీ తయారవుతుంది గాని సంతకం పాత కీతోనే పడుతుంది, కాబట్టి నీలం తెర మళ్లీ రాదు. ఈ సంగతి నాకు తెలుసు. అయినా రీబూట్ కొట్టి, టీ చల్లారిపోతున్నా లేవకుండా, ఎంటర్ మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. రాలేదు.